మంజీర తీరాన పర్యాటకం: పంచాయతీ చేతిలో ఏముంది?

సెలవు దినాల్లో హైదరాబాదు నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు బీదరుకు బయలుదేరుతాయి. అక్కడి కోటనూ, 1472లో పూర్తయిన ఖ్వాజా మహమూద్ గవాన్ మదర్సానూ పిల్లలకు చూపించి సాయంత్రానికి తిరిగి వస్తారు. రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదు... ఆ దారిలో అత్యధిక భాగం మన జిల్లాలోనే ఉంది. అయితే ఆ వాహనాలు మన దగ్గర ఆగవు. ఆగినా పెట్రోలు బంకు దగ్గరో, చాయ్ హోటల్ దగ్గరో పది నిమిషాలు. బీదరులో దిగిన కుటుంబం అక్కడ భోజనం చేస్తుంది, ఓ బిద్రీ పెట్టె కొంటుంది, ఆటోకు కిరాయి ఇస్తుంది. మన జిల్లాకు దక్కేది వారి బండి రేపిన దుమ్ము మాత్రమే.

ఇక్కడ చూడడానికేమీ లేదా అంటే, ఉంది. సింగూరు జలాశయం ఉంది. దాని దిగువన మంజీర నదిపై 1978లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం ఉంది. మొసళ్ళను కాపాడేందుకే దాన్ని ఏర్పాటు చేశారు. కోహీరులో పాత జామా మసీదు ఉంది, హజ్రత్ మౌలానా మొయిజుద్దీన్ తుర్కీ దర్గా ఉంది. అమీన్‌పూర్ చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర ప్రాంతపు చెరువుల్లో ఆ గుర్తింపు పొందినది దేశంలో అదే మొదటిది. ఇక పటాన్‌చెరు పక్కన 1972లో వెలసిన ఇక్రిశాట్‌కు జొన్న, సజ్జ, కంది, శనగ పంటల కోసం ప్రపంచ దేశాల శాస్త్రవేత్తలు వచ్చి వెళ్తుంటారు. వారు వస్తారు, పోతారు. ఆ గోడ అవతల ఊరికి దాని వల్ల కలిగినదేమిటని అడిగితే చెప్పడం కష్టం.

పర్యాటకం అనగానే మన నాయకులకు గుర్తొచ్చేది బోర్డు, బోటు, సెల్ఫీ పాయింటు. ఇటీవల మేము కొందరు విద్యార్థులను, వారి తల్లులను వెంటబెట్టుకుని ఈ ప్రాంతంలోనే ఒక చెరువుకు వెళ్ళాము. బోర్డు ఉంది. రంగు వేసిన బెంచీలు ఉన్నాయి. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. గది ఒకటి కట్టారు గాని దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అస్ర్ వేళయింది. వుజూ చేద్దామని గట్టు దిగితే నీటిపై తెల్లని నురుగు, ముక్కు మూసుకోవలసిన వాసన. చివరికి తాగడానికి తెచ్చుకున్న సీసాల నీళ్ళతోనే అందరమూ వుజూ చేసుకున్నాము. ఒక పిల్లవాడు, "ఉస్తాద్, చెరువు నిండా నీళ్ళున్నాయి కదా, సీసా నీళ్ళెందుకు?" అని అడిగాడు.

ఆ పిల్లవాడు తరగతిలో తహారత్ అధ్యాయం చదువుతున్నవాడే. పారే నీటిలో మలినం పడినా నీటి రంగు, రుచి, వాసన మారనంత వరకు అది శుద్ధమేనని మేమే చెప్పాము. ఆ మూడింటిలో ఒకటి మారితే చాలు, దానితో వుజూ చెల్లదనీ చెప్పాము. నిలవ నీటిలో మూత్ర విసర్జన చేయరాదని మహాప్రవక్త (స) నిషేధించారు. మరి ఇక్కడ మూడూ మారిపోయిన నీరు మన కళ్ళముందే పారుతోంది. రసాయనం ఫిఖ్హ్ ప్రకారం నజాసత్ కాదు కదా అని తెలివైన విద్యార్థి వాదించవచ్చు. వాదన బాగానే ఉంటుంది. కానీ ఎవరికీ హాని చేయరాదన్న ప్రవక్త (స) సూత్రం ముందు అది నిలవదు. ఆ నీళ్ళు తాగిన బర్రెకు ఫిఖ్హ్ తెలియదు.

ఈ నీటి కథ కొత్తది కాదు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ మందుల కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటి వ్యర్థ జలాలు ఇసుకవాగులో, నక్కవాగులో పడి మంజీరకు చేరాయి. పొలాలు పాడయ్యాయి, బావులు రంగు మారాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టు గడప తొక్కింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపై హరిత ట్రిబ్యునల్‌కు మారింది. ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లలకు అప్పటికి పిల్లలు పుట్టి ఉంటారు. మధ్యలో 1994లో కర్మాగారాలన్నిటికీ కలిపి ఒక శుద్ధి కేంద్రం పెట్టారు. మంచిదే. కానీ 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, మన డాక్టర్లు జ్వరానికి, విరేచనాలకు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు తేలింది. శుద్ధి చేసిన తరువాతి లెక్క అది. ఆ సంగతి ప్రపంచమంతా చదివింది. పటాన్‌చెరు పేరు విదేశీ పత్రికల్లో ఎక్కింది ఏ పర్యాటక ప్రకటన వల్లనో కాదు, దీని వల్ల. అనంతరం ఆ నీటిని పైపులైను ద్వారా హైదరాబాదులోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపారు. వాగు మోసే భారం మూసీ వైపుకు మళ్ళింది. అయినా 2017లో గండిగూడెం చెరువులో చేపలు లక్షల సంఖ్యలో చచ్చి తేలాయి. వాటి మీద బతికే మత్స్యకారులు గట్టున కూర్చుని చూడడం తప్ప ఏమీ చేయలేకపోయారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఊరి సర్పంచు, ఆ వార్డు కౌన్సిలరు ఏం చేస్తున్నారు? కోపంగా ఈ మాట అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేమూ అడిగాము. జవాబు వెతికితే సర్పంచు మీద కోపం కొంత తగ్గింది, వేరే చోటికి మళ్ళింది.

నోటిఫై చేసిన పారిశ్రామికవాడల్లో స్థానిక సంస్థకు ఉండవలసిన అధికారాలను ప్రభుత్వం పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు, అంటే ఒకప్పటి ఏపీఐఐసీకి, అప్పగించింది. 'ఐలా' అని పిలిచేది దానినే. కర్మాగారాల ఆస్తి పన్ను పంచాయతీ వసూలు చేయదు, ఐలా వసూలు చేస్తుంది. అందులో 65 శాతం వాడలోని రోడ్లకు, దీపాలకు, కాలువలకు ఖర్చవుతుంది. 35 శాతం స్థానిక సంస్థకు ఇస్తారు. ఈ ఏర్పాటుకు కారణం లేకపోలేదు. ఒక కార్యదర్శి, ఇద్దరు సఫాయి కార్మికులు ఉన్న పంచాయతీ లారీలు తిరిగే రోడ్లను బాగుచేయలేదు. కానీ పొగ, మురుగు మాత్రం వాడ సరిహద్దు దగ్గర ఆగవు. పన్నులో 35 పాళ్ళు ఊరికి వస్తే, వాసనలో నూరు పాళ్ళూ ఊరికే వస్తున్నాయి. కాలుష్యంపై చర్య తీసుకునే అధికారం రాష్ట్ర స్థాయి మండలిది. భవన అనుమతి వేరొకరిది. ఊరి చెరువులో చేపలు చస్తే సర్పంచు చేయగలిగింది ఒక దరఖాస్తు రాసి పై ఆఫీసుకు పంపడమే. 1992లో రాజ్యాంగాన్ని 73, 74వ సవరణలతో మార్చి, స్థానిక సంస్థలను స్వపరిపాలన సంస్థలుగా నిలబెట్టాలన్నారు. ఈ వాడల్లో ఆ స్వపరిపాలన గేటు బయటే నిలబడి ఉంది.

పైగా ఊరి పెద్ద ఎవరన్నదే నిలకడగా ఉండడం లేదు. పటాన్‌చెరు, రామచంద్రాపురం 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిశాయి. అమీన్‌పూర్, బొల్లారం, తెల్లాపూర్ 2018లో మునిసిపాలిటీలయ్యాయి. 2025 చివరలో వాటినీ మహానగరంలో కలిపారు. ఈ మార్పుల వల్ల రోడ్డు వెడల్పు కావచ్చు, కాదనము. అయితే వారసత్వ చెరువు గట్టున తాళం వేసిన గదికి తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగడానికి వెళ్ళవలసిన ఆఫీసు ప్రతిసారీ ఇంకొంచెం దూరమవుతోంది. గ్రామ పంచాయతీల సంగతి చూస్తే, పాత పాలకవర్గాల గడువు 2024 జనవరితో ముగిసింది. కొత్తగా ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఆ మధ్యకాలంలోనే 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చాలామంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. ఇక్కడ వారికి ఓటు లేదు, ఊరి సభలో కుర్చీ లేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇస్లామీ నగరాల చరిత్రలో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. బజారులో తూకాలు, దారుల శుభ్రత, నీటి ఏర్పాటు, రంగులద్దేవారి, తోళ్ళు ఊనేవారి దుకాణాల వల్ల ఇరుగుపొరుగుకు బాధ కలగకుండా చూడడం, ఇవన్నీ అతని విధులు. అతను ఖలీఫా దర్బారులో కూర్చునేవాడు కాడు, బజారులో తిరిగేవాడు. దుర్వాసన వస్తే అతని ముక్కుకే ముందు తగిలేది. అధికారం బాధకు దగ్గరగా ఉండాలన్నది అందులోని ఆలోచన. మన పారిశ్రామికవాడల్లో బాధ ఊళ్ళో ఉంది, అధికారం హైదరాబాదులో ఉంది.

పర్యాటకానికీ దీనికీ సంబంధమేమిటని అనవచ్చు. కేరళలోని కుమరకోమ్ చూడండి. అక్కడ 2008 నుంచి పంచాయతీ, కుటుంబశ్రీ మహిళా సంఘాలు, హోటళ్ళు కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. హోటళ్ళకు కావలసిన కూరగాయలు, గుడ్లు, కొబ్బరికాయలు ఊళ్ళోని ఆడవాళ్ళే పండించి అమ్ముతారు. యాత్రికుడు ఖర్చు పెట్టిన రూపాయి ఊళ్ళో నాలుగు చేతులు మారుతుంది. మన రాష్ట్రంలోనే భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ చూడడానికి మగ్గం ఉంది, ఆ మగ్గం మీద నేసేవాడు ఉన్నాడు. మనకు మంజీర నీళ్ళున్నాయి, కోహీరు జామతోటలున్నాయి, జహీరాబాదు వైపు పాత చిరుధాన్యాల విత్తనాలు కాపాడే దళిత మహిళల సంఘాలున్నాయి. వీటిని కలిపే చేయి లేదు. మన దగ్గర పేరుకెక్కిన పర్యాటక ఏర్పాటు ఏదంటే సంగారెడ్డి పాత జైలు. 1796లో కట్టిన ఆ జైలును 2016లో మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా ఉండవచ్చన్నారు. దేశమంతా పత్రికల్లో వచ్చింది. తప్పుపట్టడం లేదు. కానీ డబ్బిచ్చి జైల్లో పడుకునే వారికి దుప్పటి, పళ్ళెం సిద్ధం చేయగలిగిన ప్రభుత్వం, చెరువు చూడవచ్చిన ఆడపడుచుకు ఒక మరుగుదొడ్డి తెరిచి ఉంచలేదా?

కర్మాగారాలు వద్దని మేము అనము. ఈ పేటలో మన వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగడానికి అవే ఆధారం. వెల్డింగు షాపులు, లారీ మెకానిక్కులు, పాత ఇనుము వ్యాపారం, ఆటోలు, బేకరీలు అన్నీ వాటి చుట్టూనే తిరుగుతున్నాయి. కాకపోతే ఒకే గంపలో అన్ని గుడ్లూ పెట్టినట్లు ఉంది. ఒక కర్మాగారం మూతపడితే వీధి మొత్తం పస్తు. ఆదివారం నాడు చెరువుకు, దర్గాకు, అభయారణ్యానికి వచ్చే కుటుంబాలుంటే ఆ వీధిలో మరో నాలుగిళ్ళు వేరే దారిలో బతుకుతాయి.

మన వంక చూసుకోవడం కూడా న్యాయం. మన మాంసం దుకాణాల వ్యర్థాలు రాత్రిపూట బస్తాల్లో ఎక్కడికి పోతున్నాయో మనకు తెలుసు. బక్రీదు మరునాడు చెరువుగట్టు మీద నడిచినవారికి ఇంకా బాగా తెలుసు. కర్మాగారం యజమానిని ప్రశ్నించే నోరు మనకు ఉండాలంటే ఆ బస్తాలు ఆగాలి. మసీదు కమిటీలు ఈ మాట జుమా ఖుత్బాకు ముందు చెప్పించవచ్చు. చెప్పించిన చోట కొంత మార్పు వచ్చిందని విన్నాము.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలి. మన పురుషులు అక్కడికి వెళ్ళడం తక్కువ, స్త్రీలు వెళ్ళడం మరీ తక్కువ. సాధారణంగా వెళ్ళేది పింఛను కోసమో, రేషన్ కార్డు కోసమో. ఈసారి వెళ్ళినవారు ఒక కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళాలని మా మనవి. అందులో రాయవలసింది ఎక్కువ లేదు: గత మూడేళ్ళలో ఐలా నుంచి మన ఊరికి 35 శాతం వాటా కింద ఎంత వచ్చింది? అందులో చెరువు మీద, వాగు మీద ఎంత ఖర్చయింది? చెరువు నీటిని చివరిసారి పరీక్షించింది ఎప్పుడు, ఆ కాగితం ఎక్కడ? తీర్మానాల పుస్తకంలో ఈ ప్రశ్న రాయించి, కింద సంతకం పెట్టి రావాలి. జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. తెలుగులో రాయడం రానివారికి మా విద్యార్థులు రాసి పెడతారు. మగ్రిబ్ తరువాత వారు ఖాళీగానే ఉంటారు.