నిక్షేపం, అస్వామివిక్రయం: భక్తుని వివరాలు ఎవరి సొత్తు?

సంకల్ప సమయంలో అర్చకుడు మన గోత్రం, నామం, నక్షత్రం అడుగుతాడు. వాటిని భగవత్సన్నిధిలో ఉచ్చరించడంతో ఆయన కార్యం ముగుస్తుంది. నేడు అవే వివరాలను పూజా యాప్‌లు, జ్యోతిష యాప్‌లు అడుగుతున్నాయి. వాటితోపాటు జన్మసమయం, జన్మస్థలం, ఫోన్ నంబరు కూడా కోరుతున్నాయి. వివాహం ఎందుకు ఆలస్యమవుతున్నది, ఋణబాధ ఎంత, రోగం ఏమిటి అన్న ప్రశ్నలకు భక్తుడు ఆర్తితో సమాధానం వ్రాస్తున్నాడు. దైవసన్నిధిలో తప్ప అన్యత్ర చెప్పుకోని మాటలవి. వాటిని వర్తకుడు తన వద్ద నిలువచేసుకొని, ఇతరులకు అందజేసి, లాభం గడించవచ్చునా? గడించరాదు, అట్లా గడించడం పరద్రవ్యాపహరణమేనని మా సిద్ధాంతం.

మనుస్మృతి వ్యవహారపదాలను 18గా పరిగణించింది. ఋణాదానం తరువాత రెండవది నిక్షేపం, మూడవది అస్వామివిక్రయం. విశ్వాసంతో ఒకరి వద్ద ఉంచిన సొత్తు నిక్షేపం. తనది కాని సొత్తును అమ్ముకోవడం అస్వామివిక్రయం. యాజ్ఞవల్క్యస్మృతి మరింత సూక్ష్మంగా విచారించింది. లోపల ఏమున్నదో చెప్పకుండా పెట్టెలో ఉంచి అప్పగించిన దానిని ఉన్నదున్నట్లుగా తిరిగి ఇవ్వాలి. దానిని తన ఇచ్ఛానుసారం వాడుకొని జీవించినవాడు దండనార్హుడు. పైగా ఆ సొత్తును వృద్ధితో సహా యజమానికి చెల్లించాలి. ఈ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. కావున ఈ న్యాయం తెలుగువారికి నూతనం కాదు.

ఇక పూర్వపక్షాలు.

"భక్తుడే అంగీకరించాడు కదా, దోషమేమి?" అని వర్తకుని వాదం. చదవ శక్యం కాని పొడవైన షరతుల క్రింద ఒక మీటను నొక్కించి, దానికి అనుమతి అని పేరు పెట్టడం వంచన. జ్ఞానం లేని చోట అనుమతి లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం కూడా ఇదే చెప్పింది. అనుమతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, నిస్సందిగ్ధంగా ఇచ్చినదై ఉండాలి. చెప్పిన ప్రయోజనానికి ఎంత అవసరమో అంతకే పరిమితం కావాలి. చట్టమే ఒక దృష్టాంతం చూపింది. వైద్యసలహా ఇచ్చే యాప్ రోగి ఫోనులోని పరిచయస్థుల జాబితాను కూడా కోరి, రోగి అంగీకరించినా, ఆ జాబితా వైద్యానికి అవసరం కాదు గనుక ఆ అనుమతి దానికి వర్తించదు. పంచాంగం చూపే యాప్‌కు మన బంధుమిత్రుల నంబర్లతో పని ఏమిటి?

"నిర్దోషికి గోప్యమెందుకు?" అని రెండవ వాదం. గురువు మంత్రాన్ని చెవిలో ఉపదేశించి గోప్యంగా ఉంచుకొమ్మంటాడు. ఆ మంత్రంలో దోషమున్నదా? పవిత్రమైనది గనుకనే అది గోప్యం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. దోషుల రక్షణకై ఇచ్చిన తీర్పు కాదది. మనుష్యుని గౌరవానికై ఇచ్చినది.

మూడవ వాదం మనలోని వేదాంతులది. "నామరూపాలు మిథ్య, వాటి వివరాలు ఎవరు తీసుకుంటే ఆత్మకు నష్టమేమి?" ఇది వైరాగ్యవేషం ధరించిన అలసత్వం. నేను త్యజిస్తే త్యాగం. అన్యుడు హరిస్తే చౌర్యం. పారమార్థిక సత్యాన్ని చూపి వ్యావహారికంలో దొంగను విడిచిపెట్టమని ఏ ఆచార్యుడూ బోధించలేదు. యోగశాస్త్రం అస్తేయాన్ని, అపరిగ్రహాన్ని యమాలలో చేర్చింది. అవసరానికి మించి ప్రజల వివరాలను కూడబెట్టడం అపరిగ్రహానికి విరుద్ధం. వారికి తెలియకుండా వినియోగించడం అస్తేయానికి విరుద్ధం.

సాధకునికి దీనిలో మరొక హాని ఉన్నది. మనం దేనిని చూసి ఆగామో, దేనికి భయపడ్డామో, ఏ అర్ధరాత్రి ఏమి వెదికామో ఈ సంస్థలు నమోదు చేస్తాయి. ఆ రాగద్వేషాలనే ఇంధనంగా గ్రహించి, అదే కోరికను ప్రకటనగా మన కళ్ల ముందు నిలుపుతాయి. క్షీణించవలసిన వాసనకు ప్రతిదినం ఆజ్యం పోస్తాయి. ముండకోపనిషత్తు చెప్పిన రెండు పక్షులలో ఒకటి ఫలం భుజిస్తుంది, రెండవది కేవలం చూస్తుంది. ఈ వర్తకుడు చూచే పక్షి వేషంలో ఫలం తింటున్నాడు. చిత్రగుప్తుడు కూడా మన లెక్క వ్రాస్తాడు, కాని అమ్ముకోడు!

చట్టం ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కాని ఆ ధనం ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. నష్టపోయినవానికి పరిహారం చెల్లించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. వృద్ధితో సహా యజమానికే చెల్లించమన్న యాజ్ఞవల్క్యుని న్యాయం ఈ విషయంలో ఉత్తమం. శాసనకర్తలు దీనిని విచారించాలి.

అన్యులను నిందించి మన ఇంటిని మరువరాదు. ఆశ్రమాలు, భక్తసమాజాలు, సత్సంగ బృందాలు కూడా దాతల పేర్లు, గోత్రాలు, నంబర్లు సేకరిస్తాయి. ఆ జాబితాను వాట్సాప్ సమూహంలో పంచడం, మరొక ట్రస్టుకు అందజేయడం కూడా నిక్షేపభంగమే. కాషాయం దానిని పుణ్యకార్యంగా మార్చలేదు.

కావున సాధకులారా, ఇచ్చే ముందు అడగండి: దేనికి, ఎంతకాలం, ఎవరి చేతికి? దుకాణంలో బిల్లు కోసం నంబరు అడిగితే నిరాకరించండి. యాప్ అనవసరమైన అనుమతి కోరితే తిరస్కరించండి. వాడుక ముగిసిన వెంటనే వివరాలు తొలగించమని కోరండి. నిరాకరించడానికి సంకోచించకండి. సంకల్పంలో మనం పలికిన గోత్రనామాలు పరమేశ్వరునికి నివేదించినవి. నివేదించినదానిని అంగడిలో అమ్మే అధికారం ఎవరికీ లేదు.