బ్యాండు పాట మనది కాదా?

ఈమధ్య మన సంఘం సమావేశంలో ఒక చర్చ జరిగింది. చర్చ అనడం కంటె తీర్పు అనడమే సబబు. స్వతంత్ర బ్యాండ్ల పాటలపైన వచ్చే సంచికకు వ్యాసం రాస్తానని నేను ప్రతిపాదించగానే ఒక పెద్దలు నవ్వి, "ఏమయ్యా, ఎం.ఏ. తెలుగు చదివినవాడివి, ఆ గిటారు కుర్రాళ్ళ మోతను కూడా సాహిత్యమంటావా?" అన్నారు. సభ కూడా నవ్వింది. ఆయనపట్ల నాకు గౌరవం ఉన్నది. ఆయన నవ్వుపట్ల మాత్రం లేదు. కనుకనే ఈ వ్యాసం.

నేను శంషాబాదులో ఉంటున్నాను. ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. దాదాపు పదేళ్ళుగా ఈ బ్యాండ్ల వెంట తిరుగుతున్నాను. కొత్త పాట విడుదలయిన రోజున కూర్చుని, మాటమాటా విని, నోటుపుస్తకంలో రాసుకుంటాను. ప్రబంధపాఠం చెప్పబోయే ముందు పద్యాన్ని ఎట్లా విడగొట్టి చూసుకుంటానో దీన్నీ అట్లాగే చూస్తాను. ఆ తరువాత అదే పాటను వేదికమీద వినడానికి టిక్కెట్టు కొనుక్కొని పోతాను. కాబట్టి వినకుండా మాట్లాడుతున్నానని నన్ను ఎవరూ అనలేరు. నవ్వినవారిలో ఎందరు విన్నారో వారే చెప్పాలి.

మిత్రుల ఆక్షేపణలు మూడు. ఒకటి: ఇది పరదేశపు వాద్యం, పరదేశపు సంస్కృతి. రెండు: పాడేవారు మధ్యతరగతి పిల్లలు, వారికి దృక్పథం లేదు. మూడు: ఇదంతా మార్కెటు సరుకు. వరుసగా చూద్దాం.

పరదేశపు వాద్యమట! ఫిడేలు ఏ దేశపుది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ఆద్యుడని చెబుతారు. నేడు ఫిడేలు లేని కర్ణాటక కచేరీని ఊహించగలమా? హార్మోనియం ఏ దేశపుది? అది ఐరోపానుంచి వచ్చి మన పౌరాణిక నాటకానికి ప్రాణం పోసింది. ఆ హార్మోనియాన్నే పరాయిదని ఆకాశవాణి 1940లో గెంటివేసింది. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. ముప్ఫైయేళ్ళపాటు పండితులు తలుపు వేసుకొని కూర్చుంటే, వీధి నాటకం దాన్ని మోసుకుంటూ ఊరూరా తిరిగింది. ఎవరు గెలిచారు? వాద్యానికి పుట్టుక ఉంటుంది గాని పౌరసత్వం ఉండదు. అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న.

పోనీ, మన ఇంటి సంగతే చూద్దాం. ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడినప్పుడు మనవాళ్ళు చేతపట్టినది ఏమిటి? బుర్రకథ. షేక్ నాజర్ నడుమ నిలబడి తంబురా మీటుతూ కథ చెబుతుంటే, రెండువైపులా ఇద్దరు గుమ్మెటలు వాయిస్తూ, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పలికేవారు. ముగ్గురు మనుషులు, తీగవాద్యం, తాళవాద్యం, సొంత మాట, వేలాది జనం ఎదుట ప్రత్యక్ష ప్రదర్శన. దీన్ని ఈనాటి భాషలో ఏమంటారు? బ్యాండు అంటారు! ఆ బుర్రకథ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. జంగాలు బిచ్చమెత్తుకుంటూ చెప్పిన పాత కథారూపాన్ని తీసుకొని, అందులో ఆనాటి కష్టజీవిని నిలబెట్టారు. అప్పుడుకూడా నవ్వినవారున్నారు. "ముష్టివాళ్ళ విద్య కావ్యమవుతుందా?" అన్నవారున్నారు. ఆ నాజరుకే 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆనాటి పెద్దల నవ్వును ఈనాడు మనం అరువు తెచ్చుకోవడం న్యాయమేనా?

ఇక రెండో ఆక్షేపణ: దృక్పథం. ఇందులో సగం నిజం ఉన్నది, ఒప్పుకుంటాను. హైదరాబాదులో గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు ఉన్నది. 2021లో "స్టేట్స్ ఆఫ్ కేయాస్" అనే ఆల్బం తెచ్చింది. ఆ వాద్యంలో ఉన్న క్రోధం కల్తీలేని క్రోధం. కాని మాటలు ఇంగ్లీషు. మా కళాశాలలో మొదటి వరసలో కూర్చునే పిల్లకుకూడా ఆ క్రోధం ఎవరి మీదో అందదు. కోపానికి చిరునామా ఉండాలి. ఆ చిరునామా ఇరుగుపొరుగు చదవగల లిపిలో ఉండాలి. ఇది నా ఫిర్యాదు. కాని ఇది అభిమాని ఫిర్యాదు, నవ్వేవాడిది కాదు.

మరోవైపు చౌరస్తా బ్యాండును చూడండి. 2020లో కరోనా వచ్చి నగరం తలుపులు మూసుకున్నప్పుడు, చేతులు కలపవద్దంటూ వారు కట్టిన పాట ఇంటింటా మోగింది. అందులో శాస్త్రం ఉన్నది, జాగ్రత్త ఉన్నది, జనం నాలుకమీద నిలిచే పలుకుబడి ఉన్నది. ఆ నెలల్లో మన కవులు రాసిన వచన కవితలు ఎన్ని ఇళ్ళకు చేరాయి? నేనూ రెండు రాశాను. అవి నా ఇంట్లోనే పూర్తిగా చేరలేదు. దృక్పథం లేదని పిల్లలను నిందించేముందు, దృక్పథం ఉన్న మనకు గొంతు ఎందుకు లేదో ఆలోచించవలసి ఉన్నది.

మూడో ఆక్షేపణే అసలు విషయం. ఇదంతా మార్కెటు సరుకు అంటున్నారు. అవును, మార్కెటు ఉన్నది. అది మా ఊళ్ళోనే ఉన్నది. రండి, చూపిస్తాను.

సుమారు 5,500 ఎకరాల మేర విస్తరించిన విమానాశ్రయం 2008 మార్చిలో శంషాబాదులో తెరుచుకున్నది. దున్నిన భూమి రన్‌వే అయింది. రన్‌వే పక్క భూమి హోటళ్ళు, గోదాములు, ప్రదర్శనల మైదానం అయింది. 2024 నవంబరు 15న దిల్జీత్ దోసాంజ్ కచేరీ జరిగింది ఆ ప్రాంతంలోని జి.ఎం.ఆర్. ఎరీనాలోనే. ఆ గాయకుడిమీద నాకు కోపం లేదు. పంజాబు పల్లెనుంచి వచ్చి, తన భాషలో పాడి, ప్రపంచం చుట్టినవాడు. నేను చూపదలచినది వేరు. ఆ కచేరీకి ముందు మన రాష్ట్ర అధికారులు నోటీసు పంపారు. మద్యాన్ని, మాదకద్రవ్యాలను, హింసను పొగిడే పాటలు పాడరాదని అందులో రాశారు. ఆయన కొన్ని మాటలు మార్చి పాడాడు. లాటరీ తీసి మద్యం దుకాణాలు కేటాయించి ఖజానా నింపుకునే ప్రభుత్వానికి పాటలోని మద్యం కనిపించింది! మంచిదే. పాటను అంత శ్రద్ధగా వినే ప్రభుత్వం, ఈ నేలమీద పుట్టిన నలుగురు పిల్లలు తమ పాట పాడుకోవడానికి ఎక్కడ నిలబడాలని ఎన్నడైనా అడిగిందా?

మా విద్యార్థి ఒకడున్నాడు. పేరు చెప్పను. బస్తీలో ఒక షట్టరు గది అద్దెకు తీసుకొని, మరో ముగ్గురితో కలిసి బ్యాండు కట్టాడు. ఒక డప్పు, రెండు గిటార్లు, ఒక గొంతు. వాళ్ళ నాన్న ఒకప్పుడు సేద్యం చేసిన చేను, ఇప్పుడు దానిచుట్టూ లేచిన గోడ: ఇదే వాడి మొదటి పాట. ఎక్కడా అచ్చుకాని ఆ పాటను నేను తరగతిలో పాఠంగా చెప్పాను. ఒక పెద్ద కచేరీ రాత్రి వాడు రోజుకూలికి బండ్లు నిలిపే పనికి కుదిరాడు. వేదికకు వీపు పెట్టి, చేతిలో లైటు ఊపుతూ, కచేరీ అంతా విన్నాడు. మర్నాడు నా దగ్గరికి వచ్చి, "సార్, గంత పెద్ద జాగల మన పాటకు ఇంత జాగ ఎన్నడు దొరుకతది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చిన్న వేదికలు లేవా అంటారేమో. ఉన్నాయి. ఒక హోటలు యజమాని ఆ పిల్లలకు శనివారం రాత్రి అవకాశం ఇచ్చాడు. షరతు ఒక్కటే: నాలుగు సినిమా పాటలకు ఒక సొంత పాట. మూడోవారం ఆ ఒక్కటికూడా వద్దన్నాడు. పోనీ, టెలిఫోనులో విడుదల చేసుకోవచ్చు గదా అంటారు. చేశారు. స్పాటిఫై సంస్థ 2024 నుంచి ఒక నియమం పెట్టింది. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీ లెక్కకట్టరు. అంటే 999 సార్లు విన్నా వాడి చేతికి సున్న. ఆ సొమ్ము ఆవిరికాదు సుమా! వెయ్యి దాటిన పాటల వాటాలో కలుస్తుంది. పరిగె ఏరుకునేవాడి దోసిలినుంచి తీసి గాదెలో పోయడం అంటే ఇదే.

గాదె అంటే మన దేశంలో సినిమా. చౌరస్తాలో పాడిన రామ్ మిరియాల 2021లో "జాతిరత్నాలు" సినిమాలో పాడగానే ఇంటింటి గొంతు అయ్యాడు. 2022లో "డీజే టిల్లు" పాట కట్టాడు. అతన్ని తప్పుపట్టను. అన్నం ఉన్నచోటికి కళాకారుడు పోతాడు. తప్పు ఎక్కడున్నది? తెలుగు పాటకు సినిమా తప్ప మరో ఇల్లు మిగలకపోవడంలో ఉన్నది. ఎల్లప్పుడూ ఇట్లాగే లేదు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక, బాలాంత్రపు రజనీకాంతరావువంటివారి కృషితో లలితగీతం సినిమా గడప తొక్కకుండానే ఇంటింటికీ చేరింది. అంటే సంస్థ నిలబడితే పాట నిలబడుతుంది. పాట దానంతట అదే బతకాలనడం, విత్తనం దానంతట అదే దున్నుకోవాలనడమే.

మరి మన సంస్థ ఏం చేస్తున్నది? చిలీ దేశంలో 1968లో కిలపాయూన్ బృందం వియత్నాం ప్రజల పక్షాన పాటలు కట్టింది. ఆ దేశపు కమ్యూనిస్టు యువజనులు తామే పూనుకొని ఆ రికార్డు తెచ్చారు. అదే తరువాత డికాప్ అనే రికార్డుల సంస్థగా ఎదిగింది. 1973 సెప్టెంబరులో సైన్యం అధికారం గుంజుకొని, విక్టర్ హారాను చంపి, ఆ సంస్థనూ నాశనం చేసింది. పాటకు అంత బలం లేకపోతే తుపాకి దానికి అంతగా భయపడుతుందా? అక్కడ యువజనులు చేసినది లక్షాధికారుల పని కాదు, మనవంటివారు చేయగల పనే.

కనుక నా ప్రతిపాదనలు మూడు. మొదటిది: ఈ త్రైమాసికంలో పుస్తక సమీక్షలతోపాటు సంచికకు ఒక కొత్త పాటల సమీక్ష రావాలి. మెచ్చుకోలు కాదు, సమీక్ష. తప్పు ఉంటే తప్పని చెప్పాలి. రెండవది: నెలలో ఇరవై రోజులు తాళం వేసి ఉండే మన సమావేశపు హాలును ఒక సాయంత్రం బ్యాండ్లకు ఇవ్వాలి. టిక్కెట్టు వంద రూపాయలు, వసూలు మొత్తం వారిదే, సినిమా పాట మాత్రం పాడకూడదు. రాత్రి పదిలోపు ముగిస్తే చట్టానికీ ఇబ్బంది లేదు. మూడవది: మన కవులు ఆ పిల్లలకు ఉపన్యాసాలు ఇవ్వడం మాని, వారితో కూర్చుని పాట రాయాలి. అప్పుడు వారికి మాట దొరుకుతుంది, మనకు గొంతు దొరుకుతుంది.

ఆలస్యానికి వెల ఉన్నది. మా విద్యార్థి బ్యాండులో డప్పు వాయించేవాడు ఇప్పుడు గోదాములో రాత్రి పనికి పోతున్నాడు. షట్టరు అద్దె మూడు నెలలుగా బాకీ. మొన్న నేను వెళ్ళినప్పుడు ముగ్గురే పాడుతున్నారు. చరణం మధ్యలో నెత్తిమీదుగా విమానం పోయింది. ముగ్గురూ ఆగారు. మోత తగ్గేదాకా అట్లాగే నిలబడి, ఆగిన మాటనుంచే మళ్ళీ ఎత్తుకున్నారు. అది వారికి అలవాటయిపోయిందట.

ఆ పాటమీద మొదటి సమీక్ష నేను రాసి ఉంచాను. నవ్విన పెద్దలు ముందు ఆ పాట వినాలని, ఆపైన నాతో ఎంతయినా పోట్లాడాలని కోరుతున్నాను. వచ్చే సంచికలో రెండు పుటలు ఇస్తారో, లేదో, సంపాదకులు చెప్పాలి.