మొర కూడా విశ్వాసమే

తీవ్రమైన బాధలో ఉన్న విశ్వాసి కన్నీళ్లను విశ్వాసలోపంగా లెక్కగట్టి, స్తుతి తప్ప మరేదీ నోట రాకూడదని మందలించే ధోరణి క్రైస్తవ సంఘాల్లో కనిపిస్తూనే ఉంటుంది గాని, బైబిలు ప్రార్థనలు ఆ ధోరణిని సమర్థించవు. 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు విలాప కీర్తనలే. అంటే బాధను దాచకుండా చెప్పుకొని, ఎందుకని నిలదీసి, ఆదుకొమ్మని దేవుణ్ణి వేడుకునే ప్రార్థనలు.

వీటిలో అధిక భాగం సంబోధనతో మొదలై, ఫిర్యాదు, విన్నపం, నమ్మికల మీదుగా సాగి, స్తుతితో ముగుస్తాయి. 88వ కీర్తన మాత్రం స్తుతి దాకా చేరకుండా చీకటిలోనే ఆగిపోతుంది. అయినప్పటికీ అందులోని భక్తుడు తాను రేయింబవళ్లు, ప్రతిదినం, ఉదయాన మొరపెడుతున్నానని మూడు చోట్ల చెబుతాడు. జవాబు రాకపోయినా అతడు మాట తెంచుకోలేదు, ఆ తెగని మాటే అతని విశ్వాసం.

ఇక్కడ మొరకూ సణుగుడుకూ ఉన్న తేడాను గమనించాలి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుని మీద సణిగారు; కీర్తనకారుడు తన ఫిర్యాదును దేవుని ఎదుటే పెట్టాడు. యోబు సైతం అదే పని చేశాడు గనుకనే, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితులు యుక్తంగా మాట్లాడలేదనీ, యోబే మాట్లాడాడనీ యోబు గ్రంథం చివర దేవుడే తీర్పు చెబుతాడు.

క్రీ.పూ. 587 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును నాశనం చేసిన దుఃఖం నుంచి పుట్టిన విలాపవాక్యముల గ్రంథంలో, అయిదు అధ్యాయాలకు గాను మొదటి నాలుగు హీబ్రూ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసను అనుసరిస్తాయి. దుఃఖాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పూర్తిగా పలకనిచ్చిన ఈ కూర్పు, అది అదుపు తప్పి చెదిరిపోకుండా దానికి ఒక గట్టు కూడా కట్టింది.

శుభ శుక్రవారం నాడు తెలుగు సంఘాలు ధ్యానించే సిలువ ఏడు మాటల్లో నాలుగోది 22వ కీర్తన ఆరంభవాక్యమే. చేయి విడిచావెందుకని తండ్రిని అడిగిన కుమారుణ్ణి అవిశ్వాసి అనగల క్రైస్తవుడు లేడు. అటువంటప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి అదే ప్రశ్న అడిగితే తప్పుపట్టడం న్యాయం కాదు. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నారు. పరామర్శకు వెళ్లేవారు వారి నుంచి నేర్చుకోవలసింది ఆ మౌనాన్నే, ఆ తరువాతి ప్రసంగాలను కాదు.