గాలి ట్యాంకులో నీళ్లెక్కడివి?

మాడుగులలో వర్షాకాలపు ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి రోజున బండ్లకు రంగులేసే షెడ్డులో కంప్రెసర్ ట్యాంకు కింది వాల్వు తిప్పితే బుస్సుమంటూ తుప్పునీళ్లొస్తాయి. నింపింది గాలే కదా, నీళ్లెక్కడివి?

లెక్క చూద్దాం. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల ఆవిరిని మోస్తుంది. తేమ 80 శాతముంటే అందులో ఉన్నది 24 గ్రాములు. 7 బార్ ప్రెషర్ అంటే అలాంటి ఎనిమిది మీటర్ల గాలిని ఒక్క మీటరులోకి కుక్కడమే. ఆవిరి 190 గ్రాములు దాటుతుంది. గాలి చల్లారాక 30 గ్రాములకే చోటు. మిగతాదంతా నీళ్లే!

ఆ 30 గ్రాములు కూడా తక్కువేం కాదు. పైపులో చుక్కలై రంగుతోపాటు పడితే పెయింటు పొక్కిపోతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో రిఫ్రిజిరేటెడ్ ఎయిర్ డ్రయర్ పెడతారు. ఇదీ ఒక ఫ్రిజ్జే. గాలిని 3 డిగ్రీల దాకా చల్లబరిస్తే ఆవిరి 6 గ్రాములకు దిగుతుంది, మిగతాది నీరై డ్రెయిన్‌లోంచి పోతుంది. ఇంకా చల్లబరిస్తే మంచు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. బయటికెళ్లే చల్లగాలిని లోపలికొచ్చే వేడిగాలి పక్కనుంచి పంపుతారు. ఇది వేడెక్కుతుంది, అది చల్లబడుతుంది. కరెంటు ఆదా, పైపులకు చెమటా పట్టదు.

చిన్న షెడ్డుకు ఆ మిషను భారమే. వాల్వు తిప్పడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. తిప్పకపోతే తుప్పు ట్యాంకు రేకును లోపల్నుంచే తినేస్తుంది. పల్చబడిన ట్యాంకు పేలిందంటే పక్కనున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. మీకు తెలిసిన కుర్రాడెవరైనా కంప్రెసర్ దగ్గర పనిచేస్తుంటే ఒక్క మాట అడగండి: "ఏరా, ఈరోజు నీళ్లు తీశావా?"