నడిగడ్డ పత్తి చేనుకు మార్కులెన్ని?

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతమే నడిగడ్డ. సీడ్ పత్తికి పేరుపడ్డ నేల. సీడ్ పత్తిలో ప్రతి పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి. ముందురోజు మొగ్గలోని కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి, ఈ పనికి ఏళ్ల తరబడి దళిత, ఆదివాసీ, బీసీ ఇళ్ల ఆడపిల్లలను పెట్టారు.

ఈ విషయాన్ని ప్రపంచం ముందు పెట్టిన పరిశోధకుల్లో దావులూరి వెంకటేశ్వర్లు ముఖ్యులు. లూసియా ద కోర్టాతో కలిసి ఆయన రాసిన రెండు వ్యాసాలు 'జర్నల్ ఆఫ్ పెజంట్ స్టడీస్'లో వచ్చాయి. 1999 నాటిది వ్యవసాయ కూలి, అప్పుల బంధం ఆడవాళ్ల మీదికి ఎలా మళ్లాయో చెప్పింది. 2001 నాటిది పత్తి విత్తన చేలల్లో పెద్దల స్థానంలోకి ఆడపిల్లలు ఎలా వచ్చారో చెప్పింది. ఇవి ఒక్క శాస్త్రానికి చెందినవి కావు. వ్యవసాయ ఆర్థికం, స్త్రీల అధ్యయనం, బాలల హక్కులు మూడింటికీ పనికొచ్చేవి.

కానీ బేయర్, మోన్‌శాంటో లాంటి కంపెనీల చేత జవాబు చెప్పించింది ప్రధానంగా ఈ వ్యాసాలు కాదు. 2003లో, 2007లో ఇండియా కమిటీ ఆఫ్ ది నెదర్లాండ్స్ వంటి సంస్థల కోసం ఆయన రాసిన నివేదికలు. 2003 నివేదిక తర్వాత కంపెనీలు విత్తన చేలల్లో పిల్లల పనిపై తనిఖీలు మొదలుపెట్టక తప్పలేదు.

ఇప్పుడు యూజీసీ లెక్క చూడండి. 2018 నిబంధనల ప్రకారం సామాజిక శాస్త్రాల్లో గుర్తింపు ఉన్న జర్నల్ వ్యాసానికి 10 మార్కులు, అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12, దేశీయ ప్రచురణకర్తదైతే 10. ప్రభుత్వానికి ఇచ్చిన విధాన పత్రానికీ మార్కులున్నాయి. పౌర సంస్థ వేసిన క్షేత్ర నివేదికకు మాత్రం విడిగా గడి లేదు. అంటే పిల్లను చేనులోంచి బడికి నడిపించగల రాత కంటే, దాని గురించి ఇంగ్లీషులో రాసిన వ్యాసమే ఉద్యోగానికి పనికొస్తుంది.

2005లో వచ్చిన హెచ్-ఇండెక్స్ కూడా ఇంతే. ఎవరు ఎవరిని ఉటంకించారో అది లెక్కిస్తుంది, ఎవరి బతుకు మారిందో లెక్కించదు. నాగర్‌కర్నూల్ విద్యార్థి నల్లమల యురేనియం మీదో, వనపర్తి విద్యార్థి పాలమూరు వలస కూలీల మీదో తెలుగులో రాస్తే, దాన్ని ఉటంకించేవాళ్లు పెద్ద డేటాబేసుల బయటే ఉంటారు. సొంత ఊరి సమస్య ఎంచుకోవడమే అతనికి నష్టంగా మారుతుంది.

అలాగని అంకెలను ఎత్తేస్తే న్యాయం జరిగిపోతుందా? 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ జాబితాను రద్దు చేసి, జర్నళ్ల ఎంపికను విద్యాసంస్థలకే వదిలింది. కులబలం ఉన్న కమిటీ చేతిలో ఈ స్వేచ్ఛ ఎటు తిరుగుతుందో దళిత విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటి జాబితాకు ఎన్ని లోపాలున్నా, 'నా వ్యాసం ఇందులో ఉంది' అని చూపించడానికి చేతిలో ఒక కాగితమన్నా ఉండేది.

కాబట్టి అడగాల్సినవి మూడు. పాలమూరు విశ్వవిద్యాలయంతో సహా ప్రతి సంస్థా తన జర్నళ్ల ప్రమాణాలను తెలుగులోనూ ప్రకటించాలి. క్షేత్ర నివేదికలకు, తెలుగు రచనలకు మార్కులు ఉండాలి. కమిటీ రచనను చదివి, ఒప్పుకున్నా తిరస్కరించినా కారణం రాసి ఇవ్వాలి. ఈ మూడింటినీ విద్యార్థి సంఘాలు ఈ ఏడాది డిమాండ్ల పత్రంలో చేర్చుకోవాలి.