ఆంక్షలును, అన్నమును

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో కువైటునుండి వచ్చు కబురుకై ఎదురుచూచు ఇండ్లు పెక్కులు గలవు. కావున ఒక రాజ్యము పరదేశీయులను బందీలుగా పట్టి ఇతర రాజ్యములతో బేరమాడుట దొరతనముల సంగతియే గాని మన యింటి సంగతి కాదని సోదరీమణులు తలపరాదు.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినవి. ఇరాకు ప్రభుత్వము పాశ్చాత్యులను పలువురను పట్టి, తన ముఖ్య స్థావరములపై బాంబులు పడకుండ వారిని అడ్డు నిలిపెను. మనవారి నట్లు నిలుపకున్నను, పనియు జీతమును పోయి వారచ్చట చిక్కువడిరి. వారిలో కడప జిల్లావారును గలరు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆగస్టు 6వ తేదీన ఇరాకుతో వర్తకమును నిషేధించెను. 18వ తేదీన పరదేశీయులను పోనీయవలెనని తీర్మానించెను.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఓడలు నిలిచినచో ఏలికకు విందు తప్పదు. పాచిపని చేయు పేదరాలికి గంజి తప్పును. మందులకును, ఆపత్కాలమున ఆహారమునకును ఆ నిషేధములో మినహాయింపున్నను, ఆహారము నెట్లు పంపవలెనో తేలుటకు సెప్టెంబరు 13వ తేదీన మరియొక తీర్మానము కావలసివచ్చెను. అటుపిమ్మటనే మనదేశపు ఆహారపు టోడకు అనుమతి దొరికెను. ఆగస్టు అక్టోబరు నెలల నడుమ ఎయిరిండియా విమానములు జోర్డానులోని అమ్మాను నగరమునుండి 488 మారులు తిరిగి, లక్షకు పైబడిన మనవారిని స్వదేశము చేర్చినవి.

అట్లని ఆంక్షలే వలదనుట మా యభిప్రాయము కాదు. దండన లేనిచో, మనుష్యులను తాకట్టు సొమ్ముగా నెంచు ప్రభుత్వము మరల నదే పని చేయును. 1979లో సమితి బందీలను పట్టుటను నేరముగా నెంచి ఒడంబడిక చేయగా, మనదేశము 1994లో అందు చేరెను. పట్టినవానిని విచారించుటయో, అప్పగించుటయో అందలి నియమము. కాని కంచెయే చేను మేసినచో అప్పగించువా రెవరు? అందుకై అమెరికా 2020లో చట్టము చేసి, అన్యాయపు నిర్బంధమునకు బాధ్యులైనవారి ఆస్తులను స్తంభింపజేయుటకును, వారికి దేశప్రవేశము నిరాకరించుటకును వీలు కల్పించెను. 2021లో కెనడా పూనికతో పెక్కు దేశములు ఇట్టి నిర్బంధములను ఖండించుచు ప్రకటన గావించినవి.

ఇట్టి దండనయే మాకు మేలుగా దోచుచున్నది. ఇది నేరస్థుని పెట్టెకు తాళము వేయును గాని నిరపరాధుల పొయ్యి నార్పదు. మొత్తము దేశముపై నిషేధము తప్పనిసరియైనచో, ఆహారమును, మందులును, స్వదేశమునకు దారియు మొదటినాటినుండియే తెరచియుండునట్లు శాసనమందే వ్రాయవలెను. లేకున్న ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టినట్లగును.

మన చేతిలోని పనియు నొకటి గలదు. 1967 చట్టము ప్రకారము పాసుపోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. పనిమనిషి యిష్టము లేక దానిని యజమాని యుంచుకొనరాదని 2015నాటి కువైటు చట్టమును చెప్పుచున్నది. అది చేత లేనివారికి, ఆపద వచ్చిననాడు తెరచిన దారియు మూసినట్లే. కావున పరదేశము పోవు ఆడుబిడ్డకు ఈ మాట చెప్పి పంపుడు. ఆ పాసుపోర్టు నకలొకటి ఇంట భద్రపరుపుడు.