ఓడలో విందు... ఏం కట్టుకుందాం?

ఓడ ప్రయాణం అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే మొదటి అనుమానం: 'కడుపులో తిప్పదు కదా?' రెండోది: 'మన తిండి దొరుకుతుందా?' ఈ రెండింటికీ పిల్లల దగ్గర జవాబులు సిద్ధంగానే ఉంటాయి. మూడో ప్రశ్న దగ్గరే అందరూ తడబడతారు. 'రాత్రి భోజనానికి ఏం కట్టుకోవాలి?'

టికెట్లతోపాటు వచ్చిన కాగితాల్లో 'క్యాజువల్' అని ఒక్క మాట ఉంటుంది. దానికి ఇంట్లో తలో అర్థం. అబ్బాయి దృష్టిలో నిక్కరూ టీషర్టూ. కోడలి లెక్కలో పొడుగు గౌను. నాన్న బీరువా అడుగునుంచి ఎప్పటిదో సూటు తీయించి గుండీలు పడతాయో లేదో చూసుకుంటారు. అమ్మ మాత్రం, 'నాకివన్నీ ఎందుకర్రా... మీరెళ్లి రండి. నేను గదిలోనే ఏదో ఒకటి తింటాలే' అనేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పిల్లలు ఎంతో ముచ్చటపడి, లక్షలు పోసి టికెట్లు కొంటారు. ఓడలో అందరూ కలిసి తీరిగ్గా కూర్చునేది రాత్రి భోజనం దగ్గరే. పగలంతా ఒకరు ఈతకొలను దగ్గర, ఒకరు ఆటల గదిలో, ఒకరు డెక్ మీద. తీరా ఆ ఒక్క గంటా చీర బాగుంటుందో బాగుండదో అన్న బెరుకుతో అమ్మ రాకపోతే, ఆమెకు తోడుగా నాన్నా ఆగిపోతే, ఇక ఆ ప్రయాణం ఎవరి కోసమైనట్టు?

ఒకప్పుడు ఇది సినిమాల్లో మాత్రమే చూసే వైభోగం. ఇప్పుడు కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలు వచ్చినప్పుడు మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో కరీబియన్ వైపు, సియాటిల్ నుంచి అలాస్కాకూ ఓడెక్కిస్తున్నారు. సింగపూర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు పనిలోపనిగా మూడు నాలుగు రోజులు సముద్రం మీద తిరిగొస్తున్నారు. మన దగ్గరే 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ ముంబయి నుంచి 'ఎంప్రెస్' ఓడను నడపడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో ఆ ఓడ విశాఖ రేవుకీ వచ్చింది. కాబట్టి ఈ 'ఏం కట్టుకోవాలి' అన్న ప్రశ్న ఇవాళ ఎవరింటికైనా రావచ్చు.

పెళ్లికీ కాదు... పెరట్లోకీ కాదు!

ఇంతకీ క్యాజువల్ అంటే ఏమిటి? ఓడ భాషలో దానర్థం 'ఎలా ఉన్నా సరే' అని కాదు. మన ఇళ్లల్లో ఈ తేడా అందరికీ తెలిసిందే. పెళ్లికి కట్టే చీర ఒకటి. ఇంట్లో పని చేసుకుంటూ కట్టేది ఇంకొకటి. ఈ రెండూ కాకుండా, తెలిసినవాళ్లు భోజనానికి పిలిస్తే కట్టుకెళ్లేది మరొకటి ఉంటుంది. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, ఒంటికి హాయిగా ఉండేది. ఓడలో క్యాజువల్ డిన్నర్‌కి కావాల్సింది సరిగ్గా ఆ మూడోదే.

మగవాళ్లకైతే కాలరున్న చొక్కా, ప్యాంటు, కాళ్లకు షూ. చిరుగుల్లేని జీన్సుకు చాలా ఓడల్లో అభ్యంతరం ఉండదు. ఆడవాళ్లకు చీర, సల్వార్ కమీజ్, కుర్తీ, గౌను, ప్యాంటు... ఏదైనా సరే. పిల్లలకు వాళ్లు పుట్టినరోజు పార్టీలకు వేసుకెళ్లేవి చాలు. ప్రధాన భోజనశాలలోకి సాధారణంగా రానివ్వనివి మాత్రం కొన్ని ఉన్నాయి: ఈత దుస్తులు, చేతుల్లేని బనీన్లు, తలమీద టోపీ, ఉత్తకాళ్లు. నిక్కర్ల విషయంలో ఒక్కో ఓడది ఒక్కో తీరు. కొన్నిచోట్ల పొద్దుటి ఫలహారానికీ మధ్యాహ్న భోజనానికీ సరేనంటారు, రాత్రికి వద్దంటారు. అందుకే బయల్దేరేముందు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో దుస్తుల నియమాలు ఒకసారి చూసుకుంటే మంచిది. రెండు నిమిషాల పని.

సూటూ బూటూ ఎక్కడివి?

భోజనానికి ముస్తాబయ్యే ఈ అలవాటు అట్లాంటిక్ సముద్రాన్ని దాటించే పాత ఓడల నాటిది. ఇంగ్లండ్ నుంచి అమెరికా చేరడానికి రోజుల తరబడి పట్టేది. మొదటి తరగతి ప్రయాణికులకు సాయంత్రమైతే వేరే పనేముంటుంది? రాత్రి విందే పెద్ద వేడుక. మగవాళ్లు నల్లకోట్లు, ఆడవాళ్లు నేలమీద జీరాడే గౌన్లు. ఆ హంగులోనూ ఒక సడలింపు ఉండేది. మొదటి రాత్రీ చివరి రాత్రీ ఎవరూ ముస్తాబు కానక్కర్లేదు. ఎందుకంటే మొదటిరోజు పెట్టెలు విప్పి ఉండరు, చివరిరోజుకి సర్దేసి ఉంటారు. ఇప్పటికీ చాలా ఓడల్లో 'ఫార్మల్ నైట్'ని ఆ రెండు రోజుల్లో పెట్టరు.

తర్వాత తర్వాత ఓడలెక్కేవాళ్లు మారారు. చిన్నపిల్లల తల్లిదండ్రులు, మధ్యతరగతివాళ్లు వచ్చారు. 2000లో నార్వీజియన్ సంస్థ 'ఫ్రీస్టైల్' పేరుతో భోజనం వేళలూ దుస్తుల పట్టింపులూ సడలించింది. తక్కిన సంస్థలు కూడా మెల్లగా అదే బాట పట్టాయి. ఇప్పుడు వారం రోజుల ప్రయాణంలో చాలా ఓడల్లో ఒకటో రెండో రాత్రులే ముస్తాబు రాత్రులు. కార్నివాల్ వాళ్లు దాన్ని 'ఎలిగెంట్' అంటారు, క్యూనార్డ్ వాళ్లు 'గాలా' అంటారు. పాత సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకున్నది ఈ క్యూనార్డే. వాళ్ల ఓడల్లో సాయంత్రం ఆరు దాటితే అందరూ కాస్త చక్కగా తయారై కనిపించాలి. గాలా రాత్రి మగవాళ్లు నల్లకోటో ముదురు రంగు సూటో వేసుకోవాలి. అలాంటి చోట కూడా తయారవడం ఇష్టంలేనివాళ్లకు పైన బఫే ఉంటుంది.

చీర ఉండగా చింతేల?

మనవాళ్లు ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. ముస్తాబు రాత్రి అంటే తెల్లవాళ్ల దుస్తులే వేసుకోవాలని ఎక్కడా లేదు. ఏ దేశంవాళ్లు ఆ దేశపు వేడుక దుస్తుల్లో రావచ్చు. స్కాట్లండ్ మగవాళ్లు గళ్ల గళ్ల కిల్టు కట్టుకుని దర్జాగా వస్తారు. జాతీయ దుస్తులు సమ్మతమేనని క్యూనార్డ్ లాంటి సంస్థలు తమ నియమాల్లోనే రాస్తాయి. మరి అమ్మ పోచంపల్లి పట్టుకి ఏం తక్కువ? నాన్న జరీ అంచు పంచె, లాల్చీ, పైన కండువా వేసుకుంటే ఏ నల్లకోటుకి తీసిపోతారు? పంచె కట్టడం ఇబ్బందనుకుంటే లాల్చీ పైజమా మీద చేతుల్లేని జాకెట్టు చాలు. ఆ ఒక్క రాత్రి కోసం పదివేలు పోసి సూటు కుట్టించక్కర్లేదు.

పైగా ముస్తాబు రాత్రి ఓడలో ఫొటోగ్రాఫర్లు తెరలు కట్టి సిద్ధంగా ఉంటారు. ఫొటో దిగినంత మాత్రాన కొనాలన్న నిర్బంధం లేదు. ఆ గుంపులో పట్టుచీర ఎక్కడున్నా ఇట్టే కనిపిస్తుంది. ఆ చీర ఎక్కడ నేశారని పక్క టేబులువాళ్లు అడిగితే భాష రాకపోయినా పోచంపల్లి పేరు చెబితే చాలు.

ఇక్కడ ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినది కూడా ఉంది. 'ఇక్కడ కూడా చీరేనా అమ్మా? ప్యాంటు వేసుకోవచ్చుగా' అని భోజనం వేళ బలవంతపెట్టడం తగదు. నలభై ఏళ్లుగా చీరలో నడిచిన మనిషి హఠాత్తుగా ప్యాంటులో సుఖంగా కూర్చుని తినలేదు. పగలు పడవలెక్కేటప్పుడో, కొండలెక్కేటప్పుడో అయితే వేరు. అలాగే అరవై దాటిన అమ్మకి మొదటిసారి చుడీదార్ వేసుకోవాలని సరదా పుడితే నవ్వకూడదు. మన వీధివాళ్లెవరూ చూడని చోట సరదా తీర్చుకోవడంలో తప్పేముంది? కోడలు గౌను వేసుకుందని అత్తగారు మూతి ముడవక్కర్లేదు. సముద్రం మీద కూడా పాత లెక్కలేనా?

నైటీ గడప దాటొద్దు

మనవాళ్ల వైపు నుంచీ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఓడలో గది బయటి వసారా మన ఇంటి వసారాలాగే అనిపిస్తుంది. నైటీ మీద చున్నీ వేసుకుని టీ కోసం బఫే దాకా వెళ్లిపోవడం, లుంగీ బనీనుతో లిఫ్టెక్కడం... ఇంటి దగ్గర పాలపాకెట్టు కోసం వెళ్లినంత సహజంగా చేసేస్తారు. ఎవరూ కేకలెయ్యరు, కానీ చూస్తారు. ఆ చూపుల్ని పట్టించుకునేది పిల్లలే. దాంతో వాళ్లు గదిలోకొచ్చి విసుక్కోవడం, పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోవడం! రాత్రి దుస్తులు గది తలుపు దాకానే అనుకుంటే ఈ గొడవే ఉండదు. కుర్రాళ్లకూ ఇదే సూత్రం. ఈతకొలను నుంచి తడి నిక్కరుతో తిన్నగా బఫేలోకి వచ్చి కుర్చీ తడిపి పోతే, తర్వాత వచ్చి కూర్చునేవాళ్ల గతేమిటి?

దుస్తుల నియమం వెనకున్న మర్యాద ఇంతే. పక్కవాళ్ల భోజనానికి ఇబ్బంది కలగకూడదు.

పెట్టె సర్దేముందు

ఏం కట్టుకోవాలో తేలాక ఇక సర్దడమే. ఓడకు సంబంధించి కొన్ని చిట్కాలు ముందే తెలిస్తే మేలు.

ఇస్త్రీపెట్టెను తీసుకెళ్లకూడదు. నిప్పు భయం వల్ల గదుల్లో దాన్ని చాలా ఓడల్లో నిషేధించారు. తనిఖీలో దొరికితే తీసి పక్కన పెట్టేస్తారు. కొన్ని ఓడల్లో అందరికీ కలిపి ఇస్త్రీ చేసుకునే గది ఉంటుంది, లేనిచోట డబ్బిచ్చి చేయించుకోవాలి. కాబట్టి గంజిపెట్టిన నూలు చీరలు ఇంటి దగ్గరే ఉంచి జార్జెట్, క్రేప్ లాంటి నలగనివి పెట్టుకోవడం తెలివైన పని. కాస్త నలిగినవైతే స్నానాల గదిలో వేణ్నీళ్ల ఆవిరి తగిలేలా కాసేపు వేలాడదీస్తే చాలావరకు సాఫవుతాయి.

మొదటి రాత్రి భోజనానికి కావాల్సిన జత చేతిసంచిలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెద్ద పెట్టెలు గది దాకా చేరేసరికి సాయంత్రం దాటొచ్చు. పొద్దున ఎక్కిన బట్టలతోనే విందుకి వెళ్లాల్సివస్తే అమ్మ మళ్లీ 'నేను రానులే' అంటుంది. రోజూ వేసుకునే మందులు కూడా ఆ సంచిలోనే ఉంచుకోవాలి.

భోజనశాలలో ఏసీ గట్టిగానే ఉంటుంది. ఎండల కరీబియన్‌లో అయినా లోపల చలి చలే. పెద్దవాళ్లకు పల్చటి శాలువా ఒకటి తప్పనిసరి.

చెప్పులు ఎత్తు లేనివి, జారనివి కావాలి. నడుస్తుంటే ఓడ కాస్త ఊగుతుంది. డెక్ తలుపుల దగ్గర గడపలు ఎత్తుగా ఉంటాయి, మెట్లూ ఎక్కువే. చీర కుచ్చిళ్లు నేల తాకకుండా ఓ అంగుళం పైకి కట్టుకుంటే కాలికి చుట్టుకోవు.

నగల దగ్గర ఆశ వద్దు. గదిలో చిన్న లాకరు ఉంటుంది కానీ, భోజనానికి మెడలో గొలుసు, చెవులకు దిద్దులు చాలు. తప్పదనుకుంటే గిల్టు నగలున్నాయి కదా!

లెక్క కూడా తేలికే. ఏడు రాత్రులకు ఏడు జతలు అక్కర్లేదు. ముస్తాబు రాత్రికి ఒక పట్టుచీర. మిగతా రోజులకు మూడు నాలుగు మామూలు చీరలు. సోమవారం కట్టింది గురువారం కడితే లెక్కపెట్టేవాళ్లెవరూ ఉండరు. ఎందుకంటే వాళ్ల పెట్టెల్లోనూ అవే మూడు నాలుగు జతలుంటాయి.

బఫేలో అయితే ఈ పట్టింపులేవీ లేవు కదా, అక్కడే తినేస్తే పోలా అనిపించొచ్చు. తినొచ్చు. కానీ పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి, ఏది శాకాహారమో ఏది కాదో వెతుక్కోవడం పెద్దవాళ్లకు కష్టం. కూర్చుని తినే భోజనశాలలో ఒకే టేబులు తీసుకుంటే రోజూ అదే సర్వరు వస్తాడు. గుడ్డు కూడా తినమనో, కారం కాస్త ఎక్కువ కావాలనో మొదటి రాత్రే చెబితే మర్నాటి నుంచి గుర్తుపెట్టుకుని తెస్తాడు. చాలా ఓడల్లో పప్పూ కూరా అన్నం అడిగితే చేసిపెడతారు కూడా.

అందుకే మొదటి రాత్రి అమ్మానాన్నల్ని తప్పకుండా వెంటబెట్టుకెళ్లాలి. వారం మొత్తంలో అందరూ అతి మామూలుగా వచ్చేది ఆ రాత్రే. చుట్టూ నలుగురూ ఏం వేసుకున్నారో అమ్మ ఒకసారి కళ్లారా చూసుకుంటే చాలు. సగం మంది చొక్కాలు నలిగే ఉంటాయి. మర్నాడు ఏ చీర కట్టుకోవాలో ఇక ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.